మాకు వేరే శాఖలు లేవు: కొత్త మతోద్యమాలు ఎందుకు చీలుతాయి, చీలినవాళ్ళు ఏమంటారు

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక చిన్న ప్రెస్సు ఉంది. మా చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్ కార్డు ప్రూఫ్ చూసుకోవడానికి మొన్న అక్కడికి వెళ్ళాను. డీటీపీ చేసే కుర్రాడు మా కార్డు తెరవబోయి వేరే ఫైలు తెరిచాడు. ఒక గురువుగారి ఆరాధనోత్సవం కరపత్రం. మధ్యలో తెల్ల గడ్డం, మెళ్ళో తులసిమాల, తల వెనక కాంతివలయం. అది మూసి ఇంకో ఫైలు తెరిస్తే మళ్ళీ అదే ఫొటో. ఈసారి కరపత్రం వేరే. గురువుగారు ఆయనే, తేదీ అదే, అన్నదానం కూడా పన్నెండున్నరకే. వేదిక మాత్రం వేరు, కింద ఇచ్చిన ఫోన్ నంబర్లు వేరు. రెండింటికీ అడుగున చిన్న అక్షరాల్లో ఒకటే వాక్యం: "గమనిక: మాకు వేరే శాఖలు లేవు."

నేను నవ్వితే వాడూ నవ్వాడు. "రెండు పార్టీలూ మనకాడికే వస్తారన్నా. ఒకళ్ళని పొద్దున రమ్మంటా, ఇంకొకళ్ళని చీకటి పడ్డాక రమ్మంటా. ఎదురుపడితే మళ్ళీ గొడవ" అన్నాడు.

ఈ మాట మనకి కొత్తదేం కాదు. మలై కాజా కొట్ల బోర్డుల మీద చూసే మాటే. అసలు కొట్టు మాది, పక్కది కాదు అని చెప్పుకోవడానికి రాయిస్తారు. భక్తి విషయంలోనూ అదే రాయాల్సి వచ్చిందంటే ఎప్పుడో ఒకప్పుడు లోపల పంపకాలు జరిగాయన్నమాట. ఏదో ఒక ఆశ్రమంలో వారసత్వం తగాదా అనో, ఫలానా సంస్థ ఆస్తి మీద కోర్టు తీర్పు అనో పేపర్లో వార్త వచ్చినప్పుడల్లా ఎవరు అసలు, ఎవరు నకిలీ అనే చర్చ మొదలవుతుంది. అది తేల్చడం ఈ వ్యాసం పని కాదు, నాకు చేతనయ్యే పనీ కాదు. కానీ చీలిక ఎలా మొదలవుతుంది, వేరుపడ్డ వర్గం నాయకుడు ఏం చూపించి జనాన్ని తన వెంట తీసుకెళ్తాడు అన్నది మాత్రం కలకత్తాలో చూసినా కాలిఫోర్నియాలో చూసినా ఒకేలా ఉంటుంది.

ముందు మాటల అర్థం చూద్దాం

కొత్త మతోద్యమం అంటే సుమారుగా గత 200 ఏళ్ళలో పుట్టి, తనకంటూ ఒక గురువో ప్రవక్తో, సొంత గ్రంథాలో, సొంత సంస్థో ఏర్పాటు చేసుకున్న ఉద్యమం. బ్రహ్మసమాజం, దివ్యజ్ఞాన సమాజం (థియోసఫికల్ సొసైటీ), ఇస్కాన్, అమెరికాలో మోర్మన్లు, ఇరాన్‌లో పుట్టిన బహాయీలు ఈ లెక్కలోకి వస్తారు. వీళ్ళలో కొందరు ఈ పేరుని ఒప్పుకోరు. ఇస్కాన్‌ని అడిగితే తమ పరంపర చైతన్య మహాప్రభువు నుంచి, అంటే 16వ శతాబ్దం నుంచి వస్తోందని చెబుతుంది. అందులో అబద్ధమేమీ లేదు. సంస్థగా మాత్రం అది 1966లో న్యూయార్క్‌లో రిజిస్టరైంది. కొత్త అన్న మాట సంస్థ వయసుకే వర్తిస్తుంది, నమ్మకం విలువకి కాదు.

'కల్ట్' అన్న మాట ఇక్కడ వాడను. ఇంగ్లీషు పేపర్లలో అది తిట్టు. మన కుర్రాళ్ళ నోట్లో అది పొగడ్త, సినిమా బాగుంటే "కల్ట్ బొమ్మ" అంటారు. రెండు వైపులా లాగే మాటతో ఏదీ వివరించలేం.

ఇక చీలిక వర్గం. ఉన్న ఉద్యమంలోంచి బయటికొచ్చి, అదే మూలపురుషుణ్ణి తమవాడిగా చెప్పుకునే గుంపు ఇది. ఈ రెండో ముక్కే ముఖ్యం. గురువునే వదిలేసి పోయినవాడిని చీలిక నాయకుడు అనం, మానేశాడు అంటాం. చీలిక అన్నదమ్ముల పంపకం లాంటిది. పొయ్యిలు వేరవుతాయి, ఇంటిపేరు మాత్రం ఇద్దరిదీ.

అట్లాగని దారులు వేరైన ప్రతిదీ చీలిక కాదు. ఎక్కిరాల సోదరుల్నే చూడండి. అన్న కృష్ణమాచార్య విశాఖపట్నంలో 1971లో వరల్డ్ టీచర్ ట్రస్ట్ పెట్టారు. తమ్ముడు భరద్వాజ గూడూరు దగ్గరి విద్యానగర్‌లో ఇంగ్లీషు లెక్చరర్‌గా పనిచేస్తూ అక్కడ షిరిడీ సాయి మందిరం కట్టించి, తరవాత ఒంగోలు చేరారు. ఒక్క కడుపున పుట్టి రెండు దారులు పట్టారు గానీ ఒకరి సంస్థలోంచి ఇంకొకరు చీలింది లేదు.

1882లో కాలువ మీద వచ్చిన పడవ

చీలికల గురించి ఒక్క ఉదాహరణ చెప్పమంటే నేను దివ్యజ్ఞాన సమాజమే చెబుతాను. దాని కథలో నెల్లూరు కూడా ఉంది.

1882 మే నెలలో మద్రాసు నుంచి బకింగ్‌హామ్ కాలువ మీద పడవ ప్రయాణం చేసి ఒక రష్యన్ స్త్రీ, ఒక అమెరికన్ మాజీ కల్నల్ నెల్లూరు వచ్చారు. ఆవిడ హెలెనా బ్లావట్‌స్కీ, ఆయన హెన్రీ ఆల్కాట్. ఇప్పుడా కాలువ చాలాచోట్ల పూడిపోయింది గానీ, ఈ కోస్తాకి ఇంకా రైలు రాని ఆ రోజుల్లో మద్రాసు పోవాలంటే అదే రాదారి. గాలి లేనిరోజు మనుషులే గట్టు వెంట నడుస్తూ తాడు కట్టి పడవ లాగేవాళ్ళు. నెల్లూరులో ఒక శాఖ పెట్టి, గుంటూరు దాకా వెళ్ళి, వాళ్ళు మళ్ళీ మద్రాసు చేరుకున్నారు. ఆ నెలాఖర్లోనే అడయారులో ఒక తోట బంగళా చూశారు. డిసెంబరుకల్లా సమాజం ప్రధాన కార్యాలయం అందులోకి మారింది.

సమాజం పుట్టింది 1875లో, న్యూయార్క్‌లో. వీళ్ళిద్దరితో పాటు మూడో స్థాపకుడు విలియం క్వాన్ జడ్జ్ అనే వకీలు. ఆయన అమెరికాలోనే ఉండిపోయాడు. హిమాలయాల అవతల ఉండే మహాత్ములు తనకి ఉత్తరాల ద్వారా బోధిస్తారని బ్లావట్‌స్కీ చెప్పేది. నమ్మినవాళ్ళు నమ్మారు, నవ్వినవాళ్ళు నవ్వారు. నమ్మినవాళ్ళ మధ్యే వచ్చిన చిక్కు ఒకటుంది. కంటికి కనపడని మహాత్ముడు ఉత్తరం రాస్తాడని ఒకసారి ఒప్పుకున్నాక, ఆ ఉత్తరం ఒకరికే ఎందుకు రావాలి?

బ్లావట్‌స్కీ 1891లో పోయింది. కొన్నాళ్ళకి జడ్జ్ తనకీ ఉత్తరాలు వస్తున్నాయన్నాడు. అవి ఆయన సొంతంగా రాసుకున్నవని అనీ బిసెంట్, ఆల్కాట్ పక్షం ఆరోపించింది. 1895 ఏప్రిల్‌లో బోస్టన్‌లో సమావేశం పెట్టి అమెరికా శాఖలు చాలావరకు జడ్జ్ వెంట బయటికొచ్చేశాయి. ఏడాది తిరక్కుండానే జడ్జ్ కూడా పోయాడు. ఇప్పుడు ఆయన వారసులెవరన్న ప్రశ్న. కేథరిన్ టింగ్లీ అనే ఆవిడ ముందుకొచ్చి, కాలిఫోర్నియాలో సముద్రం ఒడ్డున పాయింట్ లోమాలో పెద్ద ఆశ్రమం కట్టింది. అక్కడ కొన్నేళ్ళు ఉన్న రాబర్ట్ క్రాస్బీకి ఆవిడ పద్ధతి నచ్చలేదు. బయటికొచ్చి 1909లో లాస్ ఏంజెలెస్‌లో యునైటెడ్ లాడ్జ్ ఆఫ్ థియోసఫిస్ట్స్ పెట్టాడు.

ఈ క్రాస్బీ దగ్గర కాస్త ఆగాలి. రోగమంతా కుర్చీలోనే ఉందని తేల్చుకున్నాడేమో, ఆయన తన సంస్థలో కుర్చీయే లేకుండా చేశాడు. అధ్యక్షుడు లేడు, వారసుడు లేడు. బ్లావట్‌స్కీ, జడ్జ్ రాసినవి చదువుకోవడమే పని, వ్యాసాలకి రచయిత పేరు కూడా ఉండకూడదు. చీలిక నాయకుల్లో ఇంత దూరం ఆలోచించినవాళ్ళు అరుదు. మద్రాసులో 1918లో కార్మిక సంఘం పెట్టిన బి.పి. వాడియా, 1922లో అడయారుకి రాజీనామా ఇచ్చి చేరింది ఇందులోనే. అడయారు అసలు బోధ నుంచి పక్కకి పోయిందన్నది ఆయన ఫిర్యాదు.

ఇంకోవైపు జర్మనీ. అక్కడి శాఖకి 1902 నుంచి కార్యదర్శి రుడాల్ఫ్ స్టైనర్. మదనపల్లెలో పుట్టిన ఒక తెలుగు పిల్లవాణ్ణి 1909లో అడయారు సముద్రపు ఒడ్డున సమాజం పెద్దల్లో ఒకడైన లెడ్‌బీటర్ చూసి, రాబోయే జగద్గురువు ఇతనేనన్నాడు. అతనే జిడ్డు కృష్ణమూర్తి. 1911లో అతని కోసం 'ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్' సంస్థ పెట్టారు. స్టైనర్ దీన్ని ఒప్పుకోలేదు. 1912 చివర్లో తన మనుషులతో ఆంథ్రపొసాఫికల్ సొసైటీ పెట్టుకుని విడిపోయాడు. వాల్డార్ఫ్ పద్ధతి బడులు ఆయన ఆలోచనలోంచి వచ్చినవే, హైదరాబాద్‌లోనూ ఉన్నాయి.

చివరికి ఆ పిల్లవాడే అందరికంటే పెద్ద దెబ్బ కొట్టాడు. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో, వేల మంది ముందు, తన కోసం పెట్టిన సంస్థని తనే రద్దు చేశాడు. సత్యానికి దారి అంటూ ఏదీ లేదు, దాన్ని ఏ సంస్థా చేర్చలేదు అన్నాడు. చీలిపోయి ఇంకో సంస్థ పెట్టి ఉంటే బిసెంట్‌కి అంత కష్టంగా ఉండేది కాదేమో.

ఒక్క సంస్థలోంచి సుమారు 35 ఏళ్ళలో ఇన్ని ముక్కలు. వీళ్ళలో చాలామంది కొత్తది పెడుతున్నామని చెప్పలేదు. జడ్జ్ పక్షం, క్రాస్బీ, వాడియా అందరూ అసలు బ్లావట్‌స్కీ దగ్గరికే తిరిగి వెళ్తున్నామన్నారు. మా ప్రెస్సు కుర్రాడి రెండు కరపత్రాల్లో ఉన్నదీ ఈ మాటే.

కుర్చీ ఒకటి, రుజువులు నాలుగు

గురువు బతికుండగా ఆయన మాటే రుజువు. జర్మన్ సామాజికవేత్త మాక్స్ వెబర్ దీన్ని కరిష్మా అన్నాడు. రాజకీయాల్లో మనం రోజూ వాడే మాటే. వెబర్ చెప్పింది ఏమిటంటే, వ్యక్తికున్న ఆ ఆకర్షణ చావుతో పోతుంది, దాన్ని పదవిగానో, వంశంగానో, నియమాలుగానో మార్చుకుంటే తప్ప గుంపు నిలబడదు. ఆ మార్చే సమయంలోనే గోడ పగులుతుంది.

మోర్మన్ల కథలో ఇది పాఠంలా కనిపిస్తుంది. స్థాపకుడు జోసెఫ్ స్మిత్‌ని 1844 జూన్ 27న ఇల్లినాయ్ రాష్ట్రంలో జైల్లో ఉండగా ఒక గుంపు చంపేసింది. తన తరవాత ఎవరన్నది ఆయన తిరుగులేకుండా తేల్చలేదు. బ్రిగమ్ యంగ్, పన్నెండుగురు అపొస్తలుల మండలి పెద్దగా, పదవిని చూపించాడు. సిడ్నీ రిగ్డన్ తాను స్మిత్‌కి సలహాదారునన్నాడు. అదీ పదవే. జేమ్స్ స్ట్రాంగ్ అనే అతను, చేరి కొద్ది నెలలే అయినా, స్మిత్ తనని నియమిస్తూ రాశాడంటూ ఒక ఉత్తరం తీశాడు. ఇంకొందరు రక్తసంబంధం వైపు చూశారు. స్మిత్ కొడుక్కి అప్పటికి 11 ఏళ్ళు. వాడు పెద్దయ్యేదాకా ఆగి 1860లో వేరే సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు.

ఎక్కువమంది యంగ్ వెంట యూటా ఎడారికి నడిచారు. స్ట్రాంగ్ మిషిగన్ సరస్సులో ఒక దీవి చేరి 1850లో కిరీటం పెట్టించుకుని రాజయ్యాడు, 1856లో సొంత అనుచరుల చేతిలోనే తూటాలు తిని పోయాడు. స్మిత్ కొడుకు అధ్యక్షుడైన సంఘం ఈనాటికీ వేరేగానే ఉంది.

కాగితం రుజువుకి దగ్గరి ఉదాహరణ ఇస్కాన్. దాని స్థాపకుడు ప్రభుపాద 1977 నవంబరు 14న బృందావనంలో పోయారు. అంతకు కొన్ని నెలల ముందు, జూలై 9 తేదీతో, 11 మంది శిష్యుల పేర్లతో ఒక ఉత్తరం వెళ్ళింది. వాళ్ళు తన తరఫున దీక్ష ఇవ్వవచ్చన్నది దాని సారాంశం. అందులో "ఇకమీదట" అనే అర్థం వచ్చే మాట ఒకటి ఉంది. తగాదా చాలావరకు ఆ మాట చుట్టూనే. అది గురువు బతికున్నంతకాలం చేసుకున్న ఏర్పాటు, ఆయన తరవాత శిష్యులు గురువులవడమే సంప్రదాయం అని ఇస్కాన్ పాలకమండలి చెబుతుంది. ఇకమీదట అంటే ఎప్పటికీ అనే, దీక్షాగురువు ఇప్పటికీ ప్రభుపాదే, మిగిలినవాళ్ళు ఆయన తరఫున ఋత్విక్కులు మాత్రమే అని ఇస్కాన్ బెంగళూరు వర్గం అంటుంది. 11 మందిలో కొందరు తరవాతి పదేళ్ళలో పక్కదారి పట్టి బయటికి పోవడం ఋత్విక్ వాదానికి బలమిచ్చింది. ఉత్తరం నిజమైనదేనని ఇద్దరూ ఒప్పుకుంటారు. కాగితం చేతిలో ఉన్నంత మాత్రాన తగాదా తీరదన్నమాట.

పదవి, రక్తసంబంధం, కాగితం కాక నాలుగో రుజువు దర్శనం. దీన్ని నిరూపించడమూ కుదరదు, కొట్టిపారేయడమూ కుదరదు. పుట్టపర్తి సత్యసాయి బాబా 2011 ఏప్రిల్ 24న పోయాక, కర్ణాటకలోని ముద్దెనహళ్ళి కేంద్రంగా ఒక వర్గం ఆయన సూక్ష్మశరీరంతో ఇంకా మాట్లాడుతున్నారని చెప్పింది. పుట్టపర్తి ట్రస్టు దాన్ని ఒప్పుకోలేదు. మన జిల్లాల్లో రెండు వైపులా భక్తులున్నారు, ఇళ్ళల్లో దీని మీద మాటలు పోయినవాళ్ళూ ఉన్నారు. బాబా తానే షిరిడీ సాయి అవతారమని 1940లో ప్రకటించినప్పుడు షిరిడీ పక్షం భక్తుల్లో చాలామంది ఇదే అనుమానం వెలిబుచ్చారన్నది రెండు పక్షాలూ మర్చిపోయే విషయం.

క్రైస్తవంలో కూడా తెలుగువాళ్ళకి సొంత ఉదాహరణ ఉంది. లూథరన్ సంఘంలో పనిచేసిన ఎం. దేవదాసు అయ్యగారు, బైబిలు మిషను అనే పేరు బంగారు అక్షరాల్లో తనకి కనిపించిందని చెప్పి 1938లో రాజమండ్రిలో దాన్ని మొదలుపెట్టారు. పాత సంఘాన్ని తిట్టి బయటికి రాలేదు, దర్శనం వచ్చింది కాబట్టి వచ్చారు.

విడిపోయినవాడి నుంచీ విడిపోతారు

1866లో కేశవచంద్ర సేన్ బ్రహ్మసమాజాన్ని చీల్చాడు. పెద్దాయన దేవేంద్రనాథ ఠాగూర్ వేదిక మీద జంధ్యం వేసుకున్న ఉపాచార్యుల్ని ఉండనిచ్చారన్నది కుర్రవాళ్ళ ప్రధాన అభ్యంతరాల్లో ఒకటి. కులం పోవాలన్నవాడు జంధ్యం ఎందుకు వేసుకోవాలి? న్యాయమైన ప్రశ్నే. కేశవుడి ఒత్తిడి వల్లే 1872లో బ్రహ్మసమాజ వివాహాలకి పనికొచ్చే చట్టం వచ్చింది. పెళ్ళికూతురికి 14 ఏళ్ళు నిండాలని అందులో ఉంది.

1878 మార్చిలో అదే కేశవుడు 14 నిండని తన కూతుర్ని కూచ్ బిహార్ మహారాజాకి ఇచ్చి పెళ్ళి చేశాడు. అడిగితే దైవం నుంచి ఆదేశం వచ్చిందన్నాడు. రెండు నెలలు తిరిగేసరికి శివనాథ శాస్త్రి, ఆనందమోహన్ బోస్ వగైరా విడిపోయి సాధారణ బ్రహ్మసమాజం పెట్టారు. పేరులో 'సాధారణ' అన్నది ఊరికే పెట్టలేదు. ఇక్కడ ఎవరికీ ఆదేశాలు రావు, సభ్యులు ఓటు వేసి నిర్ణయించుకుంటారు అని చెప్పడమే దాని ఉద్దేశం.

పన్నెండేళ్ళలో తిరుగుబాటుదారు తనే తిరుగుబాటుకి గురయ్యాడు. చీలికకి ఇదొక లక్షణం. నాకు నచ్చకపోతే వేరుపడవచ్చు అని ఒకసారి చేసి చూపించినవాడు, రేపు తన శిష్యుడు అదే పని చేస్తే ఏమని ఆపుతాడు?

ఈ గొలుసు ఒక్కోసారి ఘోరమైన చోట తేలుతుంది. అమెరికాలో సెవెంత్ డే అడ్వెంటిస్టుల్లోంచి 1930ల్లో విక్టర్ హౌటెఫ్ విడిపోయాడు. 1955లో ఆయన పోయాక భార్య ఫ్లోరెన్స్ నాయకత్వం తీసుకుని, 1959 ఏప్రిల్ 22న ప్రవచనం నెరవేరుతుందని తేదీ చెప్పింది. ఏమీ జరగలేదు. ఆ లోపే బెంజమిన్ రోడెన్ ఇంకో కొమ్మ పెట్టాడు. ఆయన తరవాత భార్య లోయిస్, ఆ తరవాత కొడుక్కీ వెర్నన్ హోవెల్ అనే కుర్రాడికీ తగాదా. హోవెల్ గెలిచి డేవిడ్ కొరేష్‌గా పేరు మార్చుకున్నాడు. 1993లో టెక్సస్‌లోని వేకో దగ్గర ప్రభుత్వ బలగాలతో 51 రోజుల ముట్టడి, ఏప్రిల్ 19న మంటలు, 76 మంది చావు. కొరేష్ మూర్ఖత్వం అని కొందరు, ప్రభుత్వం తొందరపాటు అని కొందరు ఇప్పటికీ వాదించుకుంటారు. మన ఊళ్ళల్లో శనివారం ఆరాధన చేసుకునే అడ్వెంటిస్టు సంఘాలకి ఈ గుంపుతో ఏ సంబంధమూ లేదు. అసలు చీలికలంటే వేకో గుర్తు చేసుకోవడమే సరికాదు. చాలావరకు చీలికలు కరపత్రాలతో, కోర్టు వాయిదాలతో గడిచిపోయేవే.

సిద్ధాంతమా, ఆస్తా?

"అంతా డబ్బు గొడవే" అనేది బజార్లో వినపడే వివరణ. కొంత నిజముంది. షాజహాన్‌పూర్ బాబూజీ రామచంద్ర 1945లో పెట్టిన శ్రీ రామచంద్ర మిషన్‌లో, 1983లో ఆయన పోయాక, మద్రాసు శిష్యుడు రాజగోపాలాచారి వర్గానికీ బాబూజీ కుటుంబ వర్గానికీ కేసులు ఏళ్ళ తరబడి నడిచాయి. సంస్థలంటేనే గిట్టని కృష్ణమూర్తికి కూడా తప్పలేదు. తన పుస్తకాలు, డబ్బు చూసే పాత సహచరుడు రాజగోపాల్‌తో 1968లో తెగతెంపులు చేసుకుని కొత్త ఫౌండేషన్ పెట్టుకోవాల్సి వచ్చింది. కోర్టుకెక్కిన ఆ గొడవలో 1974లో ఒక రాజీ కుదిరింది.

కానీ డబ్బే అంతా అయితే క్రాస్బీ లెక్కకి రాడు. పాయింట్ లోమా అంత ఆస్తిని వదిలి చిన్న గదిలో చదువుల సంఘం పెట్టుకున్నాడు. స్టైనర్‌ది నూరుపాళ్ళూ సిద్ధాంతం గొడవే. శివనాథ శాస్త్రి పక్షానిది నీతి ప్రశ్న. నాకు కనిపించేది ఏమిటంటే, మొదటి పగులు సాధారణంగా మాట మీదే వస్తుంది. ఆ పగులు గోడగా మారేది హాలు తాళం ఎవరి దగ్గరుందో చూసుకున్నప్పుడు. నాలుగేళ్ళు పోతే అసలు మాటేమిటో మర్చిపోతారు, తాళం మాత్రం గుర్తుంటుంది.

ఇక్కడ చట్టం ఏం చేస్తుందో తెలుసుకుంటే పేపర్ వార్తలు బాగా అర్థమవుతాయి. మన రాష్ట్రంలో ఇలాంటి సంస్థలు ట్రస్టుగానో, 2001 సొసైటీల చట్టం కిందో రిజిస్టరవుతాయి. కోర్టు చూసేది నిబంధనావళి, సభ్యుల రిజిస్టరు, ఆస్తి ఎవరి పేరు మీద కొన్నారు అన్నవి. నిజమైన శిష్యుడెవరో కోర్టు తేల్చదు. 2025 మే 16న సుప్రీంకోర్టు బెంగళూరు ఇస్కాన్ గుడి ముంబయి సొసైటీది కాదు, కర్ణాటకలో రిజిస్టరైన బెంగళూరు సొసైటీది అన్నప్పుడు, ఋత్విక్ వాదం గెలిచిందని కొందరు అనుకున్నారు. తేలింది ఆస్తి ప్రశ్న. పార్టీ చీలితే ఎన్నికల సంఘం గుర్తు ఎవరికివ్వాలో చెబుతుంది, ఎవరి సిద్ధాంతం సరైనదో చెప్పదు. ఇదీ అంతే.

పాండిచ్చేరి పక్కన అరబిందో ఆశయాలతో కట్టిన ఊరు అరోవిల్‌లో ఇంకో మెలిక. 1973లో అరబిందో సహచరి మదర్ పోయాక పాండిచ్చేరిలోని అరబిందో సొసైటీకీ, ఊళ్ళో ఉండేవాళ్ళకీ పడలేదు. 1980లో కేంద్రం చట్టం చేసి యాజమాన్యం తన చేతిలోకి తీసుకుంది. మాది మతశాఖ, మీరు జోక్యం చేసుకోకూడదని సొసైటీ వాదిస్తే, అరబిందో బోధ తత్వమే గానీ మతం కాదని 1982లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు ఇచ్చింది. మేం మతం కాదు, అంతకంటే పెద్దది అని బయట చెప్పుకోవడం బాగానే ఉంటుంది. కోర్టులో అదే మాట ఎదురు తిరిగింది.

జనం ఎవరి వెంట వెళ్తారు

పుస్తకాల్లో నాయకుల గురించే ఉంటుంది. వెనక నడిచిన జనం గురించి మన ఒంగోలు ప్రాంతంలో ఒక పాత కథ ఉంది. నా నిర్వచనం ప్రకారం అతను చీలిక నాయకుడు కాడు, పాత దారి పూర్తిగా వదిలినవాడు. అయినా చెప్పక తప్పదు.

ఎర్రగుంట్ల పేరయ్య కనిగిరి వైపు పల్లెలో మాదిగ కుటుంబంలో పుట్టి, తోళ్ళ వ్యాపారం చేసేవాడు. యోగమార్గం పట్టి, తనే శిష్యులున్న గురువయ్యాడు. 1866లో ఒంగోల్లో అమెరికన్ బాప్టిస్టుల దగ్గర బాప్తిస్మం తీసుకున్నాడు. అదే ఏడు మిషనరీ జాన్ క్లఫ్ ఒంగోలు వచ్చాడు. పేరయ్య వెంట ఆయన శిష్యులు, చుట్టాలు, ఆ చుట్టాల చుట్టాలు వచ్చారు. వాళ్ళు పాత సిద్ధాంతాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి బేరీజు వేశారని నేననుకోను. మంచం మీద పక్కన కూర్చుని కబురు చెప్పిన మనిషి తమవాడు. అంతే. చీలిక నాయకులకీ జనం ఇలాగే వస్తారు. మొదటి వరస ఎప్పుడూ బంధువులు, బాకీలున్నవాళ్ళు, ఆపదలో ఆదుకోబడ్డవాళ్ళు.

1876-78 కరువులో క్లఫ్ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ ముక్క కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పని కల్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పోయేదాకా బాప్తిస్మాలు ఆపాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. అది జరిగిన నాలుగేళ్ళకి బ్లావట్‌స్కీ పడవ నెల్లూరు వచ్చింది అదే కాలువ మీద. నెల్లూరు శాఖలో చేరినవాళ్ళు ఇంగ్లీషు చదువుకున్న ఉద్యోగులు, వకీళ్ళు. కాలువ తవ్వినవాళ్ళు వేరే దారిన పోయారు.

కార్డు ప్రూఫ్ నాలుగు రోజుల తరవాత తీసుకోవడానికి మళ్ళీ ప్రెస్సుకి వెళ్ళాను. కరపత్రాల కట్టలు రెండూ గోడవారన పక్కపక్కనే, ఒకదాని మీద గులాబీ దారం, ఇంకోదాని మీద పచ్చ దారం. ఫొటో ఎవరిచ్చారని అడిగాను. "ఒకళ్ళిచ్చిందేనన్నా, రెండో వాళ్ళది మసగ్గా ఉండింది. అయ్యోరి ముఖం బాలేదని ఇదే పెట్టేసినా. వాళ్ళకి చెప్పొద్దు."